ఫ్రెంచ్ కెనడాలో తాతముత్తాతల వెతుకులాట: ఇంటిపేరు కంటే పెళ్లి నమోదే నమ్మకం

కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే రాష్ట్రం క్యూబెక్‌లో ఒక మామూలు రైతు కుటుంబం కూడా పది పన్నెండు తరాల వెనక్కి, అంటే 1600ల దాకా, తన వంశాన్ని కాగితాల ఆధారంతో చూపించగలదు. రాజులూ జమీందార్లూ అయితే ఏ దేశంలోనైనా చూపిస్తారు. ఇక్కడ వడ్రంగి, తాపీమేస్త్రి, సంతకం కూడా రాని సిపాయి సైతం పేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లతో సహా దొరుకుతారు. అయినా ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్లలో చాలామంది రెండు మూడు తరాలకే ఆగిపోతుంటారు. రికార్డులు లేక కాదు, ఇంటిపేరును పట్టుకుని వెతకడం వల్ల. ఫ్రెంచ్ కెనడియన్ల ఇంటిపేరు తరాల మధ్య మారుతుంది, అన్నదమ్ముల మధ్య చీలుతుంది, సరిహద్దు దాటితే భాషే మారిపోతుంది. దాన్ని నమ్ముకుంటే దారి తప్పడం ఖాయం. చర్చి పుస్తకంలోని పెళ్లి నమోదు మాత్రం చాలావరకు మాట తప్పదు.

ఈ రికార్డులు ఇంత పక్కాగా ఉండటానికి మూలం ఫ్రాన్స్ రాజుల చట్టాల్లో ఉంది. జ్ఞానస్నానాలు నమోదు చేయాలని 1539లోనే రాజశాసనం వచ్చింది. 1579లో పెళ్లిళ్లు, ఖననాలు కూడా అందులో చేరాయి. ప్రతి పుస్తకాన్నీ రెండు ప్రతులుగా రాయాలని, ఒకటి చర్చిలో ఉంచి రెండోది కోర్టుకు పంపాలని 1667 నాటి శాసనం ఆదేశించింది. ఈ పద్ధతి అట్లాంటిక్ దాటి 'కొత్త ఫ్రాన్స్'కూ, అంటే కెనడాలోని ఫ్రెంచ్ వలసకూ వచ్చింది. ఒక ప్రతి కాలిపోయినా, ఎలుకలు కొట్టేసినా రెండోది మిగిలేది. రెండు ప్రతుల అలవాటు ఇంకా లేని రోజుల్లో, 1640లో, క్యూబెక్ నగరంలోని చర్చి తగలబడింది. అక్కడి పుస్తకాలు బూడిదయ్యాయి. జనం జ్ఞాపకాల మీద ఆధారపడి ఆ నమోదులను మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. అందుకే 1620లు, 30ల నాటి నమోదులను కొంచెం జాగ్రత్తగా చూడాలి.

రెండో కారణం, జనాభా చాలా తక్కువ. రాజు నియమించిన పాలనాధికారి (ఇంటెండెంట్) జాన్ తాలోన్ 1666లో తీయించిన జనాభా లెక్కల్లో తేలిన యూరోపియన్లు 3,215 మంది. 1760 నాటికి, అంటే బ్రిటిష్ వాళ్లు గెలిచేసరికి, అటూ ఇటూగా 70 వేలు. వచ్చి స్థిరపడ్డవాళ్లు కొద్దిమందే. దాదాపు అందరూ కాథలిక్కులే, దాదాపు అందరూ సెయింట్ లారెన్స్ నది వెంబడే ఉన్నారు. పాలన బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లినా 1774 నాటి క్యూబెక్ చట్టం కాథలిక్ మతాన్నీ ఫ్రెంచ్ పౌర చట్టాన్నీ అలాగే ఉంచింది. కాబట్టి విచారణ (ఒక చర్చి పరిధి, అంటే పారిష్) గురువు చేతిలోని కలం ఆగలేదు. ఎంతదాకా అంటే, క్యూబెక్‌లో ప్రభుత్వమే ఒక అధికారిని పెట్టి జననం, పెళ్లి, మరణం అన్నీ ఒకేచోట నమోదు చేయడం 1994 జనవరి 1న మొదలైంది. అప్పటిదాకా చర్చి పుస్తకమే చట్టబద్ధమైన రికార్డు కూడా.

ఒక పెళ్లి నమోదును దగ్గరగా చూస్తే దాని విలువ అర్థమవుతుంది. క్యూబెక్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు త్రాంబ్లే. ఆ పేరున్న వాళ్లందరికీ మూలపురుషుడు ఒక్కడే: ఫ్రాన్స్‌లోని పెర్ష్ ప్రాంతం, రాన్‌డొనే గ్రామం నుంచి వచ్చిన పియెర్ త్రాంబ్లే. 1657 అక్టోబర్ 2న క్యూబెక్‌లో ఒజాన్ అషోన్ అనే అమ్మాయిని పెళ్లాడాడు. ఆమెది లా రొషెల్ దగ్గరి ప్రాంతం. ఈ ఒక్క పెళ్లి వల్ల తేలేది ఇద్దరి పేర్లే కాదు. వరుడి తండ్రి ఫిలిబెర్, తల్లి జాన్ కొయిన్యే అని తెలుస్తుంది, వధువు పుట్టింటి వివరాలూ తెలుస్తాయి. అంటే ఒక్క పెళ్లితో సముద్రానికి అవతలున్న తరం కూడా చేతికొస్తుంది.

సాధారణంగా అలాంటి నమోదులో ఏముంటుందంటే: మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదివామని, ఎవరూ అభ్యంతరం చెప్పలేదని మొదటి వాక్యం. తర్వాత వరుడు, అతని తండ్రి, తల్లి పుట్టింటి పేరుతో సహా, వాళ్లది ఏ విచారణో. వధువు వైపు కూడా సరిగ్గా అంతే. సాక్షులు ఎవరు, వాళ్లు ఏమవుతారు. చివర్న ఎవరు సంతకం చేశారు, ఎవరికి సంతకం రాదు. ఆ 'సంతకం రాదు' అనే ముక్క దాదాపు ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది. రానివాళ్లు గుర్తు పెట్టేవాళ్లు. 1634లో పెర్ష్ నుంచి వచ్చిన వడ్రంగి జకారీ క్లూటియే దస్తావేజుల మీద గొడ్డలి బొమ్మ గీసేవాడు. అక్షరం రాకపోయినా తన పనిముట్టునే సంతకంగా మార్చుకున్నాడు. మాంట్రియాల్ విశ్వవిద్యాలయం లెక్క ప్రకారం 1800 నాటికే ఆయన సంతతి 10,850 మంది.

వంశవృక్షం కట్టేవాళ్లు పెళ్లి నుంచి పెళ్లికి గెంతుతూ పోతారు. వరుడి తల్లిదండ్రుల పేర్లు దొరికాయి కాబట్టి వాళ్ల పెళ్లి వెతుకుతారు, అక్కడ ఇంకో నలుగురు దొరుకుతారు. జ్ఞానస్నానాలూ ఖననాలూ ఎక్కడో సందేహం వచ్చినప్పుడు సరిచూసుకోవడానికే. పెళ్లి సాధారణంగా వధువు ఊరి చర్చిలో జరిగేది. కాబట్టి వరుడి ఊళ్లో దొరకకపోతే కంగారు పడనక్కర్లేదు, పక్క ఊళ్లలో చూడాలి. ఆగమన కాలంలో (క్రిస్మస్ ముందు వారాలు), తపస్సు కాలంలో (ఈస్టర్ ముందు ఉపవాస దినాలు) పెళ్లిళ్లు ఉండవు. అందుకే జనవరి, ఫిబ్రవరి, నవంబర్ నెలల పేజీలు కిక్కిరిసి ఉంటాయి.

ఒక చిక్కు మాత్రం తెలిసి ఉండాలి. రెండో పెళ్లి అయితే సాధారణంగా తల్లిదండ్రుల పేర్లు రాయరు, 'ఫలానా దివంగతుడి భార్య' లేదా 'ఫలానా దివంగతురాలి భర్త' అని మాత్రం రాస్తారు. ప్రసవాల్లో భార్యలు, ప్రమాదాల్లో భర్తలు పోవడం, మళ్లీ పెళ్లి చేసుకోవడం ఆ కాలంలో చాలా మామూలు. అలాంటి చోట చనిపోయిన మనిషి పేరు పట్టుకుని మొదటి పెళ్లికి వెళ్లాలి. అక్కడ తల్లిదండ్రులుంటారు. ఈ చిన్న సంగతి తెలియక నెలల తరబడి ఆగిపోయినవాళ్లు ఉన్నారు.

ఇక్కడ ఆడవాళ్ల పేరు గురించి చెప్పుకోవాలి. ఇంగ్లిష్ రికార్డుల్లో పెళ్లైన స్త్రీ భర్త ఇంటిపేరు వెనక కనబడకుండా పోతుంది, ఆమె పుట్టిల్లు ఏదో తేల్చడానికి తల పగిలిపోతుంది. ఫ్రెంచ్ రికార్డుల్లో ఆ గొడవ లేదు. పుట్టినప్పుడు ఉన్న ఇంటిపేరుతోనే ఆమె పెళ్లి చేసుకుంటుంది, పిల్లల జ్ఞానస్నానాల్లో కనిపిస్తుంది, సమాధికి వెళుతుంది. అందుకే తల్లి, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి అంటూ ఆడవాళ్ల వరసలో వెనక్కి వెళ్లడం క్యూబెక్‌లో మగవాళ్ల వరసలో వెళ్లినంత తేలిక. ఆ దారి చాలాసార్లు 1663 నుంచి 1673 మధ్య పద్నాలుగో లూయీ ప్రభుత్వ ఖర్చుతో పంపించిన 'రాజు కూతుళ్ల' దగ్గర ఆగుతుంది. సుమారు 800 మంది అమ్మాయిలు. ఎక్కువమంది పేదలు, చాలామందికి తల్లో తండ్రో లేరు. కాలనీలో మగవాళ్లు ఎక్కువై ఆడవాళ్లు లేకపోవడంతో పెళ్లిళ్ల కోసమే పంపారు. వాళ్లు వేశ్యలనే పుకారు ఇప్పటికీ తిరుగుతుంటుంది. రికార్డులు దాన్ని బలపరచవు.

ఇక అసలు తలనొప్పి: 'డి' పేర్లు. ఫ్రెంచ్‌లో 'డి' అంటే 'అనబడే' అని. మన పాత దస్తావేజుల్లో 'అలియాస్', 'ఉరఫ్' ఉన్నట్టే. 'పియెర్ ఉడోన్ డి బోల్యూ' అంటే బోల్యూ అని కూడా పిలవబడే పియెర్ ఉడోన్. మన అలియాస్ మనిషితో పోతుంది. ఆ 'డి' పేరు మాత్రం పిల్లలకు వస్తుంది, మనవలకు వస్తుంది. కొన్ని ఇళ్లలో అసలు పేరును మింగేస్తుంది.

ఎక్కువ పేర్లు సైన్యం నుంచి వచ్చాయి. ఫ్రెంచ్ సైన్యంలో చేరిన సిపాయికి ఒక మారుపేరు పెట్టేవాళ్లు. ఒకే కంపెనీలో పదిమంది 'జాన్'లు ఉంటే గుర్తుపట్టేదెలా? 1665లో ఇరొక్వా అనే స్థానిక తెగలతో యుద్ధానికి వచ్చిన కారిన్యాన్-సాలియేర్ రెజిమెంట్‌లో దాదాపు 1,200 మంది ఉంటే, యుద్ధం ముగిశాక సుమారు 400 మంది అక్కడే భూములు తీసుకుని ఉండిపోయారు. వాళ్ల మారుపేర్లు వింటే ఆ సిపాయిల సరదా తెలుస్తుంది. లఫ్లర్ అంటే పువ్వు, లతులీప్ అంటే తులిప్, లజనెస్ అంటే యవ్వనం, సాన్‌సూసీ అంటే చీకూచింతా లేనివాడు, జొలీకర్ అంటే మంచి మనసున్నవాడు. త్రాన్ష్‌మోంతాన్య అంటే కొండల్ని నరికేవాడు. ఇవన్నీ నేటికీ క్యూబెక్‌లో ఇంటిపేర్లు. కాబట్టి ఎవరి పేరైనా 'లఫ్లర్' అని తెలిసినంత మాత్రాన వంశం తెలిసినట్టు కాదు. సంబంధం లేని ఎన్నో కుటుంబాల్లో మూలపురుషుడికి సైన్యం ఆ పేరే పెట్టింది.

సైన్యం ఒక్కటే కాదు. వచ్చిన ప్రాంతాన్ని బట్టి కొన్ని పేర్లు: తూర్ నుంచి వస్తే తూరాంజో, షాంపేన్ నుంచి వస్తే షాంపేన్. సొంత భూమిలోని చెట్లూ వాగులను బట్టి కొన్ని. తల్లి ఇంటిపేరో, తాత పేరో తగిలించుకున్నవి ఇంకొన్ని. ఒకే పేరున్న రెండు కుటుంబాలు పక్కపక్కనే ఉంటే గుర్తుకోసం పుట్టినవీ ఉన్నాయి. బతిస్కాన్ ప్రాంతంలో స్థిరపడ్డ రివార్ అన్నదమ్ములు దీనికి మంచి ఉదాహరణ. నికొలా రివార్‌ది 'డి లవీన్య', రొబేర్ రివార్‌ది 'డి లొరాంజే'. ఆ తర్వాతి తరాల్లో లనువెట్, బెల్‌ఫయ్, డ్యూఫ్రేన్ లాంటి కొత్త పేర్లు కూడా వచ్చి చేరాయి. ఈరోజు ఒక లొరాంజే, ఒక లవీన్య, ఒక రివార్ ఎదురుపడితే, తమది ఒకే రక్తం కావచ్చన్న అనుమానం కూడా వాళ్లకు రాదు.

ఈ జంట పేరులో రెండో భాగం ఎప్పుడు వాడతారు, ఎప్పుడు వదిలేస్తారు అనేదానికి నియమం లేదు. ఒకే మనిషి జ్ఞానస్నానంలో గోటియే, పెళ్లిలో 'గోటియే డి లరూష్', కొడుకు జ్ఞానస్నానంలో లరూష్, సమాధిలో మళ్లీ గోటియే అని కనిపించవచ్చు. రాసింది గురువు. ఆయనకు ఊళ్లో వాడుకలో ఉన్న పేరు ఏది వినబడితే అది రాశాడు. 19వ శతాబ్దం గడిచేకొద్దీ ఇళ్లు ఒక్క పేరుకే కట్టుబడటం మొదలుపెట్టాయి. ఎవరి ఇష్టం వాళ్లది కావడంతో చిత్రమైన ఫలితాలొచ్చాయి. స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబుర్గ్ నుంచి వచ్చిన పియెర్ మివీల్ వారసుల్లో కొందరు ఈరోజు మివీల్, ఇంకా చాలామంది దెషేన్. ఇద్దరూ ఒకే తాత మనవలు.

స్పెల్లింగ్ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. చెవికి వినబడినట్టు రాసిన కాలం అది. ఫ్రెంచ్‌లో 'ఓ' శబ్దాన్ని నాలుగైదు రకాలుగా రాయొచ్చు. మొదట్లో వచ్చే హెచ్ పలకదు కాబట్టి ఒకడు రాస్తాడు, ఒకడు రాయడు. 'మా ఇంటిపేరు ఎప్పుడూ ఇలాగే ఉంది, వాళ్లది వేరే' అని అక్షరం తేడా చూపించి వాదించేవాళ్ల మాట పట్టించుకోకూడదు. సంతకమే రాని తాతకు స్పెల్లింగ్ మీద పట్టింపు ఎక్కడిది?

మొదటి పేర్లూ మోసం చేస్తాయి. కాథలిక్ ఇళ్లలో చాలాకాలం మగబిడ్డకు జోసెఫ్, ఆడబిడ్డకు మరీ అనే పేరు ముందు చేర్చి, తర్వాత జ్ఞాన తండ్రి లేదా జ్ఞాన తల్లి పేరు, చివరికి అసలు పిలిచే పేరు పెట్టేవాళ్లు. ఒక ఇంట్లో ఆరుగురు మగపిల్లలూ 'జోసెఫ్'లే అయితే ఆశ్చర్యపోకూడదు. పిలిచే పేరు చివర్లో చూసుకోవాలి. పసిబిడ్డ చనిపోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టేవాళ్లు. ఖననం నమోదు చూడకుండా మొదటివాడి జ్ఞానస్నానాన్ని రెండోవాడికి అంటగట్టడం కొత్తవాళ్లు తరచుగా చేసే పొరపాటు.

కెనడా సరిహద్దు దాటాక పేర్ల కథ ఇంకో మలుపు తిరిగింది. 1840 నుంచి 1930 దాకా దాదాపు 9 లక్షల మంది క్యూబెక్ వదిలి అమెరికా వెళ్లారు. ఎక్కువమంది న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు)లోని బట్టల మిల్లులకే. లోవెల్, మాంచెస్టర్, వూన్‌సాకెట్, ఫాల్ రివర్, లూయిస్టన్ లాంటి ఊళ్లలో ఫ్రెంచ్ చర్చిలు, బడులు, పత్రికలు వెలిశాయి. కానీ మిల్లు గుమస్తా, జనాభా లెక్కల ఉద్యోగి ఇంగ్లిష్ వాళ్లు. కొన్ని పేర్లు అర్థం పట్టుకుని మారాయి: రువా కాస్తా కింగ్ అయ్యాడు, బ్వావేర్ గ్రీన్‌వుడ్ అయ్యాడు, లెబ్లాన్ వైట్ అయ్యాడు. కూర్త్‌మాన్ష్ అనే పేరుకు పొట్టి చేతి చొక్కా అని అర్థం తీసి షార్ట్‌స్లీవ్ అని మార్చారు. ఇంకొన్ని శబ్దం పట్టుకుని మారాయి: ఆర్షాంబో షాంబో అయింది, బెన్వా బెన్వే అయింది. అమెరికాలో కింగ్ అనే ఇంటిపేరున్న మనిషి మూలాలు క్యూబెక్‌లో ఉన్నాయని తెలియాలంటే, మళ్లీ చర్చి పుస్తకమే శరణ్యం. ఫ్రెంచ్ విచారణ గురువు మాత్రం మిల్లు గేటు బయట కూడా 'రువా' అనే రాశాడు.

పేరును నమ్మితే ఏమవుతుందో చూపించే ఉదంతాల్లో అమెరికన్ రచయిత జాక్ కెరువాక్‌ది ప్రసిద్ధమైనది. 1922లో లోవెల్‌లో క్యూబెక్ నుంచి వచ్చిన దంపతులకు పుట్టాడు. తమది బ్రెటన్ (ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు) ప్రభువుల వంశమని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆ మూలపురుషుణ్ని వెతుకుతూ 1965లో ఆయన పారిస్, బ్రెస్ట్ వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. దొరక్కపోవడానికి కారణం, వెతికిన పేరు అసలు పేరు కాకపోవడం. ఆ మూలపురుషుడు నిజానికి బ్రిటనీలోని ఉయెల్‌గోవాట్ అనే ఊళ్లో ఒక నోటరీ కొడుకు ఉర్బాన్-ఫ్రాన్స్వా లె బియాన్; కెనడా వచ్చి వేరే పేర్లతో చలామణి అయ్యాడు. 1732లో కాప్ సాంత్-ఇన్యాస్‌లో లూయీజ్ బెర్నియేను పెళ్లాడి, నాలుగేళ్లకే చనిపోయాడు. కెరువాక్ కుటుంబాల సంఘం దశాబ్దాల పాటు వెతికితే, రచయిత మరణించి చాలా ఏళ్లయ్యాక సంతకాలు పోల్చి, బ్రిటనీ రికార్డులు తిరగేసి ఆ మనిషెవరో తేల్చారు. వారసుల్లో కిరువాక్‌లు, కెరువాక్‌లు, బ్రెటాన్‌లు ఉన్నారు.

వెతికేవాళ్లకు ఈరోజు ఉన్న సౌకర్యాలు వందా నూట యాభై ఏళ్ల శ్రమ ఫలితం. సిప్రియాన్ తాంగే అనే గురువు ఊరూరా చర్చి పుస్తకాలు తిరగేసి 1871-1890 మధ్య ఏడు సంపుటాల కుటుంబ నిఘంటువు అచ్చు వేశాడు. తప్పులు ఉన్నా, తర్వాతి వాళ్లందరూ దానిమీదే కట్టారు. ద్రువాన్ సంస్థ 1940లలో క్యూబెక్ చర్చి పుస్తకాలను మైక్రోఫిల్మ్ తీసింది. మొదట్లో అది డబ్బున్నవాళ్లకు తోలు అట్టతో వంశచరిత్ర అమ్ముకునే వ్యాపారం. ఇప్పుడు అవే బొమ్మలు ఆన్‌లైన్‌లో చందా కట్టినవాళ్లందరికీ దొరుకుతున్నాయి. 1966లో మాంట్రియాల్ విశ్వవిద్యాలయంలో మొదలైన చారిత్రక జనాభా పరిశోధన కార్యక్రమం పాత నమోదులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కో మనిషినీ అతని కుటుంబంతో కలిపింది. అక్కడ 'డి' పేర్లన్నీ ఒక ప్రామాణిక పేరు కింద చేరతాయి కాబట్టి గోటియే అని వెతికినా లరూష్ బయటపడతాడు. వీటికి తోడు నోటరీల దస్తావేజులు: పెళ్లి ఒప్పందాలు, భూమి అమ్మకాలు, చనిపోయినవాళ్ల సామాన్ల జాబితాలు. చర్చి పుస్తకం పేర్లు చెబుతుంది. తాత దగ్గర ఎన్ని ఆవులున్నాయో, ఇనుప పెనం పగిలిందో లేదో నోటరీ చెబుతాడు.

ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షాన్ని అలాగే తెచ్చుకోవడం మాత్రం ఎంత మాత్రం మంచిది కాదు. ఒకరు చేసిన తప్పు వందమంది కాపీ కొట్టి, వంద సాక్ష్యాలున్నట్టు కనిపిస్తుంది. ఇంటిపేరుకు కులచిహ్నం, డాలు బొమ్మ ఉందని అమ్మేవాళ్ల సరుకూ అంతే. అలాంటి చిహ్నం ఉంటే గింటే ఒక కుటుంబానికి ఉంటుంది, ఇంటిపేరుకు కాదు. ఇక దగ్గరి తరాలకు వచ్చేసరికి కథ తలకిందులవుతుంది. గోప్యత నిబంధనల వల్ల ఇటీవలి రికార్డులు బయటివాళ్లకు ఇవ్వరు. 1690 నాటి పెళ్లి పది నిమిషాల్లో దొరికి, 1950 నాటిది దొరకని పరిస్థితి. అందుకే పని ఇంట్లోంచే మొదలవ్వాలి: అవ్వల దగ్గరున్న పెళ్లి పత్రం, పత్రికలో వచ్చిన మరణవార్త, అంత్యక్రియల కార్డు.

అకాడియా వాళ్ల సంగతి వేరు. ఇప్పటి నోవా స్కోషియాలో ఉన్న ఆ ఫ్రెంచ్ జనాన్ని బ్రిటిష్ వాళ్లు 1755 నుంచి ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించి తరిమేశారు. చర్చి పుస్తకాలు చాలావరకు పోయాయి. గ్రాన్-ప్రే పుస్తకాలు మాత్రం నిర్వాసితులతో పాటు లూసియానా చేరి ఇప్పటికీ బేటన్ రూజ్‌లో ఉన్నాయి.

ఇదంతా పెద్దవాళ్ల కాలక్షేపం అనుకునేవాళ్లు క్యూబెక్ ఆసుపత్రుల వైపు చూడాలి. కొద్దిమంది నుంచి లక్షలమంది పుట్టడం వల్ల, వాళ్లలో ఎవరో ఒకరు మోసుకొచ్చిన జన్యులోపం కూడా పెరిగింది. కాథలిక్ చర్చి నాలుగు తరాల వెనక ఒకే జంట ఉన్నా అనుమతి లేనిదే పెళ్లి చేసేది కాదు. మేనరికాలు చూసిన మన కళ్లకు అది మరీ కట్టుదిట్టంగా అనిపిస్తుంది. ఆ అనుమతి సంగతి పెళ్లి నమోదులోనే రాసేవాళ్లు కాబట్టి వంశాలు కట్టేవాళ్లకు అదొక ఆధారం కూడా. కానీ అంతకన్నా వెనక్కి వెళితే అందరూ ఏదో రకంగా బంధువులే. సాగునే-లాక్ సాన్-జాన్ ప్రాంతంలో పసిపిల్లల కాలేయాన్ని దెబ్బతీసే టైరోసినీమియా లోపాన్ని మోసేవాళ్లు దాదాపు 20 మందిలో ఒకరు. అందుకే క్యూబెక్‌లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ పరీక్ష చేస్తారు. యువకులకు చూపు పోయే లెబర్ వ్యాధి కథ ఇంకా స్పష్టంగా దొరికింది. ఆ మార్పు తల్లి నుంచి మాత్రమే వస్తుంది. పరిశోధకులు రోగుల తల్లుల వరసలు వెనక్కి పట్టుకుపోతే, 1669లో క్యూబెక్ నగరంలో పెళ్లాడిన ఒక 'రాజు కూతురు' దగ్గర అవి కలిశాయి. స్త్రీల పుట్టింటి పేర్లు రికార్డుల్లో నిలిచి ఉండకపోతే ఆ వరస దొరికేదే కాదు.

ఇంత పుట్టింటి పేరు సంప్రదాయం ఉన్నా, 19, 20 శతాబ్దాల్లో ఇంగ్లిష్ అలవాటు పాకి, సమాజంలో 'మదామ్ ఫలానా' అని భర్త పేరుతో పిలవడం క్యూబెక్‌లోనూ మామూలైపోయింది. 1981 ఏప్రిల్‌లో కొత్త కుటుంబ చట్టం వచ్చి దాన్ని ఆపింది. భార్యాభర్తలిద్దరూ పుట్టినప్పటి పేరుతోనే ఉండాలి, ఆ పేరుతోనే హక్కులు వినియోగించుకోవాలి. ఇది ఐచ్ఛికం కాదు. మాంట్రియాల్‌లో స్థిరపడి అక్కడే పెళ్లి చేసుకునే తెలుగు అమ్మాయికి కూడా ఇదే వర్తిస్తుంది. భర్త ఇంటిపేరు పెట్టుకుందామనుకున్నా, పెళ్లైందన్న కారణంతో క్యూబెక్ ప్రభుత్వ కాగితాల్లో పేరు మారదు.

అదే చట్టం పిల్లలకు తండ్రి పేరైనా, తల్లి పేరైనా, రెండూ కలిపైనా పెట్టుకునే వీలిచ్చింది. 1980లు, 90లలో త్రాంబ్లే-గాన్యోన్, రువా-కోటే లాంటి జంట పేర్లు బడుల హాజరు పట్టీల నిండా వచ్చాయి. ఆ పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. ఒక త్రాంబ్లే-గాన్యోన్, ఒక రువా-కోటేని పెళ్లాడితే ఇంట్లో నాలుగు పేర్లు. బిడ్డ ఇంటిపేరులో రెండు భాగాలకు మించకూడదని చట్టం. ఏ రెండు ఉంచాలి, ఏవి వదలాలి, ఎవరి అమ్మ నొచ్చుకుంటుంది అన్నది ఆ జంటే ప్రసూతి వార్డు నుంచి ఇంటికొచ్చి, పుట్టిన నమోదు ఫారం నింపేలోగా తేల్చుకోవాలి.